వదిన డబ్బాల తనిఖీ

మా వదినకి ముక్కు మీద కోపం. ఈ మాట నేనన్నానని తెలిస్తే నాకు మూడినట్టే. అందుకని ముందే చెబుతున్నాను, మనిషి మాత్రం మంచిది. మంచితనం లోపల ఉంటుంది, కోపం బయట ఉంటుంది, మనకి ముందు తగిలేది బయటిదే కదా.

ఆవిడ ఆడపిల్లల హైస్కూల్లో సైన్సు టీచరు. అదే స్కూల్లో నేను లైబ్రరీ చూస్తాను. కింది వాటాలో అన్నయ్యా వదినా, పై వాటాలో నేను. అంటే ఇంట్లోనూ ఆవిడే, బడిలోనూ ఆవిడే. ఆదివారం కూడా తప్పించుకునే దారి లేదు. మెట్ల కింద నిలబడి, "ఏం వండుకున్నావమ్మాయ్?" అని అడుగుతుంది. నిజం చెబితే పాఠం, అబద్ధం చెబితే రెండు పాఠాలు.

తిండి విషయంలో ఆవిడకున్న పట్టుదల ఊరికే రాలేదు. పదో తరగతిలో ఉన్నప్పుడు ఆవిడ ఒకరోజు ప్రార్థనలో నిలబడ్డది నిలబడ్డట్టే పడిపోయిందట. ఇంట్లో తిండికి లోటు లేదు. మూడు పూటలా కడుపు నిండేది. అయినా ఒంట్లో రక్తం లేదన్నాడు డాక్టరు. కడుపు నిండినా ఒళ్ళు పస్తుండొచ్చని ఆవిడకి అప్పుడే తెలిసింది. ఆ సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉంటే తాను పడిపోయేదాన్ని కాదు కదా అనుకుంది. అంతే, అక్కడ పట్టుకుంది. తెలిస్తే తింటారు, తెలియక తినడం లేదు, కాబట్టి తెలియజెప్పాలి. ఆ ఒక్క నమ్మకం మీద ఉద్యోగమంతా లాగించింది. మా అన్నయ్య మాత్రం, పెళ్ళయినప్పటి నుంచీ తాను అన్నం తినడం మానేసి పిండిపదార్థాలు తింటున్నానని అందరికీ చెప్పుకుంటాడు.

పిల్లలు ఆవిడకి పెట్టిన పేరు విటమిన్ టీచరు. ఆవిడకి తెలుసు. తెలియనట్టు ఉంటుంది.

గొడవల్లా తొమ్మిదో తరగతి వాళ్ళతో వచ్చింది. ఆ ఏడాది పిల్లలు పరీక్షలో ఆహారం పాఠం ప్రశ్నలకి చూసి రాసినట్టు రాశారు. మాంసకృత్తులు ఎందుకు, ఇనుము ఎందులో ఉంటుంది, భోజనంతో పాటు టీ తాగితే ఆ ఇనుము ఒంటికి ఎందుకు పట్టదు, అన్నీ చిలకల్లా అప్పజెప్పారు. వదిన పేపర్లు దిద్దుతూ మురిసిపోయి, మర్నాడు మధ్యాహ్నం చప్పట్లు కొట్టి మెచ్చుకుందామని తరగతికి వెళ్ళింది. అక్కడ ఒక పిల్ల చిప్స్ ప్యాకెట్ చింపుతోంది. ఇంకో పిల్ల పొద్దున తాగిన టీ తప్ప ఏమీ తినలేదు, ఆకలి లేదంటోంది. ఎముకల మీద తోలు తప్ప ఏమీ లేని మూడో పిల్ల, లావైపోతున్నాను మేడమ్ అని డబ్బా మూత కూడా తీయలేదు. పరీక్షలో ఫస్టు మార్కు ఆ మూడో పిల్లదే. వదిన మొహం మాడ్చుకుని లైబ్రరీలోకి వచ్చి కూర్చుంది. తెలిసి కూడా తినని వాళ్ళు ఉంటారని ఆవిడ ఎప్పుడూ అనుకోలేదు.

నేను ఊరుకోవచ్చు కదా. "వయసు అలాంటిది వదినా, నువ్వు చెప్పావని తింటారా?" అన్నాను. ఒంటికాలి మీద లేచింది.

ఆ కోపంలోంచి పుట్టిందే డబ్బాల తనిఖీ. మధ్యాహ్నం గంట కొట్టగానే తొమ్మిదో తరగతిలో అందరూ డబ్బాల మూతలు తీసి బల్ల మీద పెట్టాలి. వదిన ముందు వరస నుంచి వెనక వరస దాకా చూసుకుంటూ వస్తుంది. డబ్బాలో మూడు ఉండాలి. ఒళ్ళు కట్టే పదార్థం ఒకటి, గుడ్డో చేపో పప్పో గింజలో ఏదైనా సరే. ఒక ఆకుకూరో పచ్చి కూరగాయో. ఒక పండు ముక్క. ఒక్కరి డబ్బాలో ఉంటే చాలదు, బెంచీలో కూర్చున్న అందరి డబ్బాల్లోనూ ఉండాలి. అలా ఉన్న బెంచీకి ఆకుపచ్చ రిబ్బను కడుతుంది. రిబ్బను కట్టిన బెంచీ వాళ్ళు సాయంత్రం అందరికంటే ముందు ఇంటికి వెళ్ళొచ్చు. బెంచీ మొత్తానికి కలిపి పెడితే పిల్లలు ఒకళ్ళనొకళ్ళు పోరుకుంటారని ఆవిడ ఆలోచన. ఆ వయసు పిల్లలకి బహుమానాలిస్తే నవ్వుతారు గానీ, ముందు వెళ్ళొచ్చంటే ప్రాణం పెడతారు. అది మాత్రం ఆవిడ సరిగ్గానే పట్టుకుంది.

మొదట్లో రెండు బెంచీలకి కూడా రిబ్బను పడలేదు. తరవాత ఒక్కొక్కటే పెరిగాయి. కొన్నాళ్ళకి వదిన రిబ్బను చుట్టే కొనుక్కొచ్చింది. భోజనాల దగ్గర అన్నయ్యకీ నాకూ అదే కబురు. వెనక బెంచీ వాళ్ళు కూడా దారికొచ్చారట, గుడ్డు లేని డబ్బా లేదట, కారెట్ లేని పిల్ల లేదట. హెడ్మిస్ట్రెస్ అయితే పక్క స్కూలు టీచర్లని పిలిపించి చూపించింది. వదిన నా వైపు చూసిన చూపుంది చూశారూ, వయసు అలాంటిదన్నావుగా, ఇప్పుడేమంటావ్ అన్నట్టు.

అసలు సంగతి పిచ్చుక దగ్గర మొదలైంది. పిచ్చుక అంటే తొమ్మిదో తరగతిలో మధ్య వరస పిల్ల. బక్కగా, చిన్నగా, కుదురుగా ఉండదు కాబట్టి ఆ పేరు. వాళ్ళమ్మ ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. తండ్రి లేడు. ఇద్దరే మనుషులు. ఆ పిల్ల పరుగు చూసింది డ్రిల్లు మాస్టారు. ఎవరో తరుముతున్నట్టు పరిగెడుతోందని మొదట నవ్వాడట. తరవాత చేతిలో వాచీ చూసుకుని నవ్వడం మానేశాడు. ఆయనే తిరిగి తిరిగి ఆ పిల్లకి క్రీడల హాస్టల్లో సీటు సంపాదించాడు. అక్కడే చదువు, అక్కడే పరుగు నేర్పేవాళ్ళు, అక్కడే మూడు పూటలా భోజనం. వాళ్ళమ్మ ఆ మాట విన్నరోజు డ్రిల్లు మాస్టారికి దణ్ణం పెట్టిందట.

ఒక్కటే షరతు. చేరే రోజున హాస్టల్ వాళ్ళు రక్తం చూస్తారు. తక్కువుంటే ఆ ఏటికి సీటు జాబితాలో వెనక ఉన్న పిల్లకి పోతుంది. రక్తం లేని పిల్లని పరిగెత్తించి ఎక్కడో పడిపోతే ఎవరు జవాబు చెబుతారని వాళ్ళ భయం.

మా స్కూలుకి నర్సమ్మ వచ్చి అందరికీ వేలు గుచ్చి చూసింది. తొమ్మిదో తరగతిలో సగానికి సగం మందికి రక్తం తక్కువే. అందరికంటే తక్కువ పిచ్చుకకి. ఈ లెక్కతో ఆ పిల్లని హాస్టల్ గేటు దగ్గరి నుంచే వెనక్కి పంపుతారంది నర్సమ్మ. చేరడానికి సెలవులు పోను ఒక్క టర్మే ఉంది.

వదిన నమ్మలేదు. పరీక్షే తప్పంది. నర్సమ్మ పాపం మళ్ళీ గుచ్చింది, మళ్ళీ అదే. "తరగతిలో అందరికంటే మంచి డబ్బా ఆ పిల్లది. రోజూ గుడ్డు ఉంటుంది. నా కళ్ళతో నేను చూస్తున్నాను" అని వదిన వాదించింది. నర్సమ్మ మందుల పెట్టె సర్దుకుంటూ, తనకి తెలిసింది రక్తమే గానీ డబ్బాలు కాదంది.

ఇక వదినకి ఒక్కటే తోచింది. మధ్యాహ్నం తిండి బాగానే ఉంది కాబట్టి తప్పు ఇంట్లో ఉంది. పొద్దునా రాత్రీ ఆ తల్లి పిల్లకి ఏమీ పెట్టడం లేదు. సాయంత్రం నన్ను కూడా లాక్కుని ఆస్పత్రి లాండ్రీకి వెళ్ళింది. నేను వద్దన్నాను. అక్కడికి వెళ్ళి అడగడం బాగుండదు, ఇంటికి వెళ్దామన్నాను. వింటేగా.

లాండ్రీ గదిలో ఆవిరి, సబ్బు వాసన. పొడుగాటి బల్లల దగ్గర ఆడవాళ్ళు వరసగా నిలబడి తెల్ల దుప్పట్లు మడుస్తున్నారు. పిచ్చుక వాళ్ళమ్మ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. పిల్లకి ఏమైనా అయిందేమోనని ఆవిడ మొహంలో కంగారు. వదిన అందరి ముందే మొదలుపెట్టింది. పిల్ల ఒంట్లో రక్తం లేదనీ, సీటు పోతుందనీ, కన్నతల్లి చూసుకోకపోతే ఎవరు చూస్తారనీ. మడిచే చేతులన్నీ ఆగిపోయాయి. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆవిడ అంతా విన్నది. ఎదురు తిరగలేదు.

"పొద్దున టీ తాగి పరుగుకి పోతుందండి. తినమంటే పరిగెత్తలేనంటుంది. రాత్రి నేనేం వండితే అది. గొప్పగా పెడుతున్నానని నేననను" అంది. "కానీ మీరు చెప్పారని గుడ్డు మాత్రం ఒక్కరోజు కూడా మానలేదు టీచరమ్మా. ఒకటే ఉడకబెడతాను. అది దాని డబ్బాలోనే పెడతాను. రోజూ తింటోందిగా?"

"రోజూ చూస్తున్నాను" అంది వదిన.

"చూస్తున్నారు సరే. తింటోందా?"

తనిఖీ అయ్యాక మా వదిన తరగతిలో ఎప్పుడూ ఉండదు. ఆఖరి బెంచీకి రిబ్బను కట్టి అటు నుంచి అటే స్టాఫ్ రూముకి వెళ్ళి, గంట కొట్టేలోపు తన డబ్బాలో నాలుగు ముద్దలు మింగి పరిగెడుతుంది. మూతలు తీసినప్పుడు ఉన్నది చూసింది గానీ, మూతలు పెట్టేటప్పుడు మిగిలింది ఎప్పుడూ చూడలేదు.

మర్నాడు నన్ను వరండాలో కిటికీ పక్కన నిలబెట్టింది. తనిఖీ మొదలైంది. వదిన కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చుకుని ముందు బెంచీ డబ్బాలు చూస్తోంది. ముందు బెంచీ మొదటి డబ్బాలో గుడ్డు ఉంది. ఆవిడ రెండో డబ్బా మీదికి వంగగానే మొదటి డబ్బాలో గుడ్డు లేదు. అది బల్ల కింద చేతుల మీదుగా వెళ్ళి మూడో డబ్బాలో తేలింది. అక్కడి నుంచి వెనక బెంచీకి. అలా ఆ చివరి దాకా. తరగతి మొత్తానికి గుడ్లు రెండో మూడో, ఒక కారెట్, నాలుగు ఆకులు, ఒక నారింజ తొన. అన్నీ వదిన కంటే ఒక్క డబ్బా ముందు నడుస్తున్నాయి. ఆవిడ తల తిప్పితే ఆగుతున్నాయి, వంగితే కదులుతున్నాయి. ఒక్క పిల్ల మొహంలో మార్పు లేదు. అందరూ నిమ్మకు నీరెత్తినట్టు కూర్చున్నారు.

నవ్వాపుకోలేక గోడకి ఆనుకున్నాను. అబద్ధం ఎందుకు, నిజంగానే నవ్వొచ్చింది.

తరవాత వదిన వెళ్ళిపోయింది. గుడ్డు పిచ్చుక దగ్గరికి తిరిగొచ్చింది. అన్ని చేతులు మారి నల్లబడింది, వేలిముద్రలతో నలిగింది, ఒక పక్క పగిలింది. పిచ్చుక దాన్ని కాసేపు చూసి, కాగితంలో చుట్టి, కుళాయి దగ్గరి చెత్తడబ్బాలో వేసింది. ఉత్త మెతుకులు నాలుగు తిని, చేతులు కడుక్కుని, పరుగెత్తుకుంటూ ఆటస్థలంలోకి పోయింది. అప్పుడిక నాకు నవ్వు రాలేదు.

వదినకి చెప్పడం నా వల్ల కాదనుకున్నాను. కానీ చెప్పాను. అరుస్తుందనుకుంటే అరవలేదు. కుర్చీలో అలాగే కూర్చుని, గుడ్డు తిరుగుతున్నప్పుడు తాను ఎక్కడ నిలబడి ఉందో అడిగింది. రెండోసారి కూడా అదే అడిగింది. ఆ తరవాత తరగతికి వెళ్ళి రిబ్బన్లన్నీ తనే విప్పేసింది. ఎందుకిలా చేశారని అడిగితే, లావైపోతున్నానన్న పిల్లే లేచి, అందరి ఇళ్ళలోనూ గుడ్లూ పళ్ళూ ఉండవనీ, ఒక్కళ్ళ డబ్బా ఖాళీగా ఉంటే బెంచీ మొత్తం ఉండిపోవాలనీ, పిచ్చుకే మొదట తన గుడ్డు పక్కపిల్లకి ఇచ్చిందనీ చెప్పింది. చెబుతున్న ఆ పిల్ల తన గుడ్డు కూడా తినబుద్ధి కాక ఇచ్చేసేదట. అంత తెలివైన పద్ధతి పెట్టి, ఉన్న ఒక్క గుడ్డు కూడా పిచ్చుక కడుపులోకి పోకుండా చేసింది మా వదినే.

ఆ సాయంత్రం ఆవిడ ఏడ్చింది. నేనెప్పుడూ చూడలేదు. "నలుగురిలో నిలబెట్టి ఆ తల్లిని అడిగాను" అంది, అంతే. మర్నాడు పనివేళకే లాండ్రీకి వెళ్ళింది. ఏ ఆడవాళ్ళ ముందు మాటలందో, ఆ ఆడవాళ్ళ ముందే జరిగినదంతా చెప్పి, తప్పు తనదని ఒప్పుకుంది. పిచ్చుక వాళ్ళమ్మ దుప్పటి రెండో కొస మా వదిన చేతికిచ్చి, "పట్టుకోండి, మడుద్దాం" అంది. ఇద్దరూ కలిసి మడిచారు. క్షమించడమంటే అదేననుకుంటాను.

రిబ్బను పోయింది కదా, ఇక గుడ్డు తింటుందిలే అనుకున్నాం. తినలేదు. వదిన ఈసారి తరగతిలోనే కూర్చుని కళ్ళలో వత్తులు వేసుకుని చూసింది. పిచ్చుక మూత తీసి, గుడ్డుని బెంచీలో అందరికీ ముక్కలు చేసి పంచి, తెల్లసొన పెచ్చు ఒకటి నోట్లో వేసుకుంది. నీది నువ్వు తినవే అని వదిన కసిరితే, సరే టీచర్ అంది. మర్నాడూ అంతే. రక్తం ఎంత తక్కువో తెలుసు. సీటు పోతుందని తెలుసు. గుడ్డులో ఏముందో మా అందరికంటే బాగా తెలుసు. అయినా అంతే. మా వదిన తల ప్రాణం తోకకి వచ్చింది.

చివరికి ఆ పిల్లని నా దగ్గరికి పంపింది. మధ్యాహ్నం గంటకి ముందే పిచ్చుక లైబ్రరీలోకి వచ్చేది. వాళ్ళమ్మ పంపిన గుడ్డు, వదిన పట్టుకొచ్చిన ఆకుకూర, నారింజ, నర్సమ్మ ఇచ్చిన ఇనుము మాత్ర. పొద్దున పరుగుకి ముందు టీ మానిపించి అరటిపండు పెట్టించారు. ఇదంతా వదిన ఏర్పాటు, కాపలా నాది. తలుపు వేసి ఉన్నా సరే, నేను తప్ప ఎవరూ లేకపోయినా సరే, ఆ పిల్ల పుస్తకాల అరల మధ్యకి పోయి, గోడవైపు తిరిగి కూర్చునేది. గుడ్డుని రెండే ముక్కల్లో మింగేసి, మూతి తుడుచుకుని, దొంగతనం చేసినదానిలా బయటికొచ్చేది. మెల్లిగా తినవే, ఎవరూ లాక్కోరు అన్నాను ఒకసారి. మీరు తిన్నారా మేడమ్ అని అడిగింది. తిన్నానన్నాను. నిజంగానే తిన్నారా అని మళ్ళీ అడిగింది. మా వదిన తరవాత నన్ను అలా నిలదీసింది ఆ పిల్లే.

సెలవులయ్యాక హాస్టల్‌కి వెళ్ళాం. పిచ్చుక, వాళ్ళమ్మ, వదిన, నేను. రక్తం చూసే గది ముందు బల్ల మీద నలుగురం వరసగా కూర్చున్నాం. పిచ్చుకని లోపలికి పిలిచారు. వాళ్ళమ్మ ఒళ్ళో పిల్ల బట్టల సంచీ పెట్టుకుని, దాని పట్టీని చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం. లోపల ఉండాల్సినదానికంటే ఎక్కువసేపే ఉంచారు. వదిన లేచి తలుపు దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

తలుపు తీసి హాస్టల్ వార్డెన్ బయటికొచ్చింది. గీత మీదే ఉంది, కానీ సరిపోతుంది, చేర్చుకుంటున్నామంది. పిచ్చుక వాళ్ళమ్మ సంచీ గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకుంది. నేను మా వదిన చెయ్యి పట్టుకున్నాను.

తరవాత వార్డెన్ మాకు భోజనాల గది చూపించింది. పొడుగాటి బల్లలు, బల్లల మీద బోర్లించిన కంచాలు. పొద్దున ఏం పెడతారో, మధ్యాహ్నం ఏం పెడతారో, పరుగయ్యాక ఏం పెడతారో వరసగా చెప్పుకుపోతోంది. పిల్లకి రోజూ గుడ్డు ఉంటుందంది. వదిన తల ఊపుతూ వింటోంది. పిచ్చుక మాత్రం కంచాల వైపే చూస్తోంది.

"అందరికీ ఇస్తారా మేడమ్?" అంది.

"అందరికీనే. ఈ బల్ల దగ్గర కూర్చున్న ప్రతి పిల్లకీ" అంది వార్డెన్.

పిచ్చుక మా వదిన వైపు తిరిగింది. మొహం విప్పారింది.

"అయితే టీచర్, ఇక్కడ గోడవైపు తిరిగి తినక్కర్లేదు" అంది.

పిచ్చుక వాళ్ళమ్మ సంచీ పిల్ల భుజానికి తగిలించి, జుట్టు సర్ది, ఆఖరి బస్సు వెళ్ళిపోతుందని మా ఇద్దర్నీ తొందరపెట్టింది.